చిన్న అక్వేరియం చేపల్లో ఆకస్మిక అనారోగ్యం: నిర్ధారణ, నివారణ

నిర్వచనం, పరిధి

గాజు తొట్టిలో పెంచే చిన్న అలంకార చేపలు కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల లోపల జబ్బుపడటాన్ని, తరచుగా చనిపోవడాన్ని ఆకస్మిక అనారోగ్యం అని వ్యవహరిస్తారు. ఇది ఏ ఒక్క వ్యాధి పేరూ కాదు. నీటి రసాయన స్థితి చెడటం, విషాలు, ప్రాణవాయువు కొరత, పరాన్నజీవులు, బాక్టీరియా వంటి వేరువేరు కారణాలన్నీ చివరికి చేరే స్థితి ఇది. ఈ వ్యాసం వేలెడంత పొడవుండే మంచినీటి చేపల గురించి: గప్పీ, ప్లాటీ, మోలీ, నియాన్ టెట్రా, జీబ్రా చేప, అంగళ్లలో ఫైటర్ పేరుతో అమ్మే బెట్టా. గోల్డ్ ఫిష్, కోయ్ వంటివి పోలిక అవసరమైన చోట మాత్రమే వస్తాయి.

‘ఆకస్మికం’ అన్నది పెంపకందారు కంటికి కనిపించే సంగతి. గుంపులో తిరిగే చిన్న చేపల్లో నీరసించినదాన్ని వేటాడే జీవి ముందుగా పట్టుకుంటుంది. అందుకని ఇవి ఓపిక ఉన్నంతవరకు మామూలుగానే ఈదుతూ, మేతకు వస్తూ ఉంటాయి. నిన్నటి దాకా బాగానే ఉందని చెప్పే చాలా సందర్భాల్లో చేప అప్పటికే కొన్ని రోజులుగా కష్టపడుతూ ఉంటుంది.

చరిత్ర

తొట్టిలో చేపను బతికించడం మొదటినుంచీ రసాయన శాస్త్రంతో ముడిపడిన పని. లండన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో గోల్డ్ ఫిష్‌ను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను, నత్తలను ఒకే పాత్రలో ఉంచి, అవి ఒకదానికొకటి ఎలా ఆసరా అవుతాయో వివరించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల గృహం తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకం ‘ది అక్వేరియం’ వెలువడి ఈ అభిరుచిని ఇళ్లలోకి తెచ్చింది. తొట్టిని సమతూకంలో ఉంచేది మొక్కేనని అప్పట్లో నమ్మారు. నేలలో అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఉన్నాయని 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాద్‌స్కీ చూపాక, తొట్టిలోని గులకరాళ్ల మీద కూడా అలాంటి జీవులే పనిచేస్తున్నాయని క్రమంగా తెలిసింది. ఆ జీవుల గుర్తింపు ఈమధ్య కూడా మారింది. మంచినీటి తొట్లలో నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే ముఖ్యమైన బాక్టీరియా నైట్రోబాక్టర్ కాదని, నైట్రోస్పైరా అని 1998లో తేలింది. అమ్మోనియా పనిలో ఆర్కియా అనే మరో జీవవర్గానికి పెద్ద వాటా ఉందని 2011లో, రెండు దశలనూ ఒక్కటే పూర్తిచేయగల నైట్రోస్పైరా రకాలున్నాయని 2015లో బయటపడింది.

చేపల వ్యాధుల అధ్యయనం తొలుత ఆహారపు చేపల చుట్టూ పెరిగింది. తెల్లచుక్కల వ్యాధి కలిగించే ఏకకణ జీవికి ఫూకే 1876లో ‘ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలియిస్’ అని పేరు పెట్టాడు. జర్మనీలో బ్రూనో హోఫర్ 1904లో, విల్హెల్మ్ షేపర్‌క్లౌస్ 1935లో చేపల వ్యాధులపై ప్రామాణిక గ్రంథాలు వెలువరించారు. అమెరికాలో జార్జ్ స్ట్రైసింగర్ 1981లో ప్రచురించిన పరిశోధనతో జీబ్రా చేప జీవశాస్త్ర ప్రయోగశాలల్లోకి వచ్చాక చిన్న చేపల ఆరోగ్యం అలంకారపు విషయం స్థాయిని దాటింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో కూడా జీబ్రా చేపల మీద పరిశోధన జరుగుతోంది. ఈ చేపను ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద రాసిన గ్రంథంలోనే వర్ణించాడు. అంటే ప్రపంచ ప్రయోగశాలలన్నిటా తిరుగుతున్న ఈ చిన్న జీవి మన ఉపఖండపు కాలువల చేపే.

చేప దేహం, చుట్టూ ఉన్న నీరు

మంచినీటి చేప రక్తంలో ఉప్పు చుట్టూ ఉన్న నీటిలో కంటే చాలా ఎక్కువ. అందువల్ల మొప్పల గుండా, చర్మం గుండా నీరు నిరంతరం లోపలికి చొరబడుతుంది. చేప ఆ నీటిని పల్చటి మూత్రంగా బయటికి పంపుతూ, మొప్పల ద్వారా లవణాలను తిరిగి పీల్చుకుంటూ ఉంటుంది. ఊపిరి తీసుకునేది, లవణాలు పీల్చేది, ఒంట్లో పుట్టిన అమ్మోనియాను వదిలేది కూడా ఆ మొప్పలే. ఒకే పల్చటి పొర మీద ఇన్ని పనులు నడుస్తున్నాయి కనుక మొప్ప దెబ్బతింటే అన్నీ ఒకేసారి కుంటుపడతాయి. శరీర పరిమాణంతో పోలిస్తే చిన్న చేప ఉపరితలం ఎక్కువ, నిల్వ శక్తి తక్కువ. అది ఉండే తొట్టి కూడా చాలా ఇళ్లలో 20 నుంచి 50 లీటర్లే. అంత కొద్ది నీటిలో ఒక చచ్చిన నత్త, ఒక చెంచా ఎక్కువ మేత కూడా పెద్ద సంఘటనలే.

నీటి వల్ల వచ్చే ఆపదలు

అనుభవజ్ఞులైన పెంపకందారులు, మత్స్య వైద్యులు ఏకాభిప్రాయంతో ముందుగా చూసేది నీటినే. ఈ విభాగం మిగతావాటికంటే పొడవుగా ఉండటానికి కారణం అదే.

అమ్మోనియా, కొత్త తొట్టి. చేప విసర్జన, మిగిలిపోయిన మేత, కుళ్లిన ఆకులు అమ్మోనియాను పుట్టిస్తాయి. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది: విషపూరితమైన అమ్మోనియా, దానికంటే చాలావరకు హాని తక్కువైన అమ్మోనియం. ఏ రూపం ఎంత అన్నది పీహెచ్, ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం సుమారు 0.6 శాతం, పీహెచ్ 8 అయితే 5 శాతం పైన, 9 అయితే 36 శాతం. పరీక్షలో ఒకే అంకె వచ్చినా రెండు తొట్లలో ప్రమాదం పదిరెట్లు తేడాగా ఉండటం ఇందువల్లే. విషరూపం లీటరుకు 0.02 నుంచి 0.05 మిల్లీగ్రాములు దాటితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. కొత్త తొట్టిలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే నైట్రీకరణ జీవులు స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొన్న రోజే తొట్టి నింపి, అదే సాయంత్రం డజను చేపలు వదిలితే మొదటి రెండు వారాల్లో జరిగే మరణాలకు ఇదే ప్రధాన కారణం. చేప పైకి వచ్చి గబగబా మొప్పలు ఆడిస్తుంది, మొప్పలు ఎర్రగా కమిలినట్లుంటాయి, రెక్కలు ముడుచుకుంటాయి.

నైట్రైట్. అమ్మోనియా తగ్గుముఖం పట్టిన దశలో నైట్రైట్ పెరుగుతుంది. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మార్చి ప్రాణవాయువు మోయకుండా చేస్తుంది. రక్తం, మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. నీటిలో గాలి సమృద్ధిగా ఉన్నా చేప ఊపిరాడక అల్లాడటం దీని గుర్తు. మొప్పల దగ్గర క్లోరైడ్ నైట్రైట్‌తో పోటీపడుతుంది కాబట్టి కొద్దిగా ఉప్పు కలిపితే నైట్రైట్ లోపలికి వెళ్లడం తగ్గుతుంది.

పాత తొట్టి. దీన్ని చాలామంది గుర్తించరు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారేటప్పుడు నీటిలో ఆమ్లాన్ని విరిచే క్షారత సుమారు 7 గ్రాములు ఖర్చవుతుంది. నెలల తరబడి నీళ్లు మార్చకుండా, ఆవిరైనంత మేర పైన పోస్తూ వచ్చిన తొట్టిలో క్షారత నిండుకుని పీహెచ్ 6కు లేదా అంతకంటే కిందికి జారుతుంది. అప్పుడు నైట్రీకరణ మందగిస్తుంది, అమ్మోనియం పేరుకుంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నందున పాత చేపలు దానితోనే బతికేస్తుంటాయి. ఒక ఆదివారం యజమాని శ్రద్ధగా సగానికి పైగా నీరు తీసి, పీహెచ్ 8 దగ్గర ఉండే బోరునీరు పోస్తాడు. పేరుకున్న అమ్మోనియంలో కొంత భాగం క్షణాల్లో విషరూపానికి మారుతుంది. శుభ్రం చేసిన రోజే చేపలు చచ్చిపోయాయన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనుక జరిగేది ఇదే. ఇందులో యజమాని శ్రద్ధ తప్పు కాదు, ఆ శ్రద్ధ ఆలస్యంగా రావడమే అపాయం. సంచిలో దూరం నుంచి వచ్చిన చేపకు కూడా ఇదే రసాయనం వర్తిస్తుంది. మూసిన సంచిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి పీహెచ్ తగ్గుతుంది, అమ్మోనియం పేరుకుంటుంది. సంచి విప్పగానే వాయువు బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. సంచి తెరిచిపెట్టి గంటల తరబడి నెమ్మదిగా నీళ్లు కలపడం అందుకే మంచిది కాదు. ఉష్ణోగ్రత సరిపడేదాకా మూసిన సంచినే తొట్టిలో తేలనివ్వాలి.

క్లోరిన్. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి నీటిలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మనిషికి రక్షణనిచ్చే ఆ మోతాదు చిన్న చేప మొప్పలను కాల్చగలదు. నగరాల్లో మరో చిక్కు ఉంది: అపార్ట్‌మెంటు సంపులో బ్లీచింగ్ పౌడర్ వేసే రోజున క్లోరిన్ మామూలుకంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆ సంగతి పైఅంతస్తుల వాళ్లకు తెలియదు. నీరు మార్చిన నిమిషాల్లోనే చేపలు గిరగిరా తిరగడం, గాజుకు గుద్దుకోవడం, రంగు పాలిపోవడం దీని లక్షణాలు. సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీటి మందు క్లోరిన్‌ను వెంటనే విరిచేస్తుంది. వెడల్పాటి బకెట్టులో గాలిబుడగలు పెట్టి ఒక రోజంతా ఉంచినా క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. క్లోరిన్‌కు బదులు, అలా ఎగిరిపోని క్లోరమైన్ వాడే నగరాల్లో మాత్రం ఈ ఎదురుచూపు పనికిరాదు.

ప్రాణవాయువు. నీరు వేడెక్కేకొద్దీ గాలిని తక్కువగా నిలుపుకుంటుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు గరిష్ఠంగా సుమారు 8.2 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.5కు, 35 వద్ద 7కు తగ్గుతుంది. అదే వేడికి చేప దేహానికి కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. మొక్కలు రాత్రిపూట ప్రాణవాయువును వాడుకుంటాయి కనుక కొరత తెల్లవారుజామున ముదురుతుంది. వేసవిలో కరెంటు పోయిన రాత్రి తెలుగు ఇళ్లలోని తొట్లకు అన్నిటికంటే గడ్డుకాలం. పంపు ఆగితే గాలి ఒక్కటే కాదు, మూసిన ఫిల్టరు లోపలి బాక్టీరియా కూడా కొన్ని గంటల్లో ఊపిరాడక చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లునీరు తొట్టిలోకి వచ్చిపడుతుంది. ఈ కొరతలో ముందుగా పెద్ద చేపలు చనిపోతాయి. నీటి పైకి వచ్చి గాలి పీల్చే అవయవం ఉన్న బెట్టా, గౌరామీలు, మన కొర్రమేను లాగే, తట్టుకుని నిలుస్తాయి. తొట్టిలో అన్నీ చచ్చి గౌరామీ ఒక్కటే మిగిలితే అది గట్టి ఆధారమే.

ఇంట్లోని విషాలు. దోమల మందుల్లోని పైరెత్రాయిడ్‌లు మనుషులకు ఎంత స్వల్ప హాని చేస్తాయో, చేపలకు అంత తీవ్రమైన విషాలు. గాలిపంపు గదిలోని గాలినే తొట్టిలోకి నెడుతుంది. కాబట్టి అదే గదిలో స్ప్రే కొడితే మందు నేరుగా నీటిలోకి చేరుతుంది. ఫినాయిల్ తుడిచిన చెయ్యి, సబ్బు అంటిన బకెట్టు, కొత్త రంగుల వాసన, రాగి లేదా ఇత్తడి పాత్రలో నిల్వ ఉన్న నీరు కూడా ఇదే కోవలోకి వస్తాయి. రాగి మనం తాగే నీటికి మంచిదని పేరు. చేపలకు, అందులోనూ రొయ్యలకు, నత్తలకు అది విషం.

అంటువ్యాధులు

రోగకారక జీవుల్లో చాలావరకు మంచి నీటిలోనూ కొద్దిపాటిగా ఉంటాయి. చేప బలహీనపడినప్పుడే అవి పైచేయి సాధిస్తాయి.

తెల్లచుక్కల వ్యాధి ఇళ్లలో ఎక్కువగా చూసేది. రవ్వ చల్లినట్లు ఒంటి మీద, రెక్కల మీద తెల్లటి చుక్కలు వస్తాయి. ప్రతి చుక్కా చర్మం కింద తినే పరాన్నజీవి. అది ఎదిగి చేపను వదిలి అడుగున పొర కట్టుకుని, లోపల వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఈదుకుంటూ రెండు రోజుల లోపల మరో చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. మందు పనిచేసేది ఈదే దశ మీదే. చర్మం కింద ఉన్నప్పుడు, పొరలో ఉన్నప్పుడు అంటదు. 25 డిగ్రీల వద్ద ఈ చక్రం వారం లోపే తిరుగుతుంది, చల్లని నీటిలో వారాలు పడుతుంది. చుక్కలు కనిపించకుండా పోయిన రోజే మందు ఆపేయడం వల్ల వ్యాధి తిరగబెడుతుంది. మొప్పల్లో మాత్రమే సోకినప్పుడు బయట ఒక్క చుక్కా లేకుండానే చేప చనిపోతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీరు చల్లబడటం దీనికి అనువు.

వెల్వెట్ వ్యాధిని పిసినూడినియం అనే జీవి కలిగిస్తుంది. చుక్కలు చాలా సన్నం. చీకట్లో టార్చి పక్కనుంచి వేస్తే ఒంటి మీద పసుపు అద్దినట్లు బంగారు ఛాయ మెరుస్తుంది. బెట్టాల్లో, పిల్ల చేపల్లో ప్రాణాంతకం.

కాలమ్నారిస్ బాక్టీరియా వ్యాధి. అమెరికాలో డేవిస్ 1922లో దీన్ని వర్ణించాడు. నోటి చుట్టూ దూదిలాంటి పూత, వీపు మీద జీను వేసినట్లు తెల్లబారిన పట్టీ కనిపిస్తాయి. దూదిలా ఉంది కదా అని బూజు మందు వేస్తే ఉపయోగం ఉండదు. తెల్లచుక్కల వ్యాధికి భిన్నంగా ఇది వేడి నీటిలో చెలరేగుతుంది. తీవ్రమైన రకం ఒకటి రెండు రోజుల్లో తొట్టిని ఖాళీ చేస్తుంది. కనుక ఏ చేప జబ్బు అయినా నీళ్లు వేడి చేయాలన్న సలహా ఇక్కడ చేటు చేస్తుంది.

నియాన్ టెట్రాల్లో ఎర్రచార మధ్యలో రంగు వెలిసిపోయి, చేప గుంపు వదిలి ఒంటరిగా తిరగడం ప్లిస్టోఫోరా హైఫెసోబ్రైకోనిస్ అనే సూక్ష్మజీవి వల్ల కావచ్చు. దీనికి నమ్మకమైన మందు లేదు. గప్పీ మలద్వారం నుంచి ఎర్రటి దారపు పోగులు బయటికి కనిపిస్తే అవి కామలానస్ పురుగులు. చర్మానికి, మొప్పలకు అంటుకునే గైరోడాక్టిలస్, డాక్టిలోగైరస్ పురుగులు కంటికి కనబడవు. చేప రాళ్లకు ఒళ్లు రాచుకుంటుంది. గోల్డ్ ఫిష్, కోయ్‌ల మీద కనిపించే చేప పేను కొల్లేటి ప్రాంతపు రైతులకు బాగా తెలిసిన శత్రువే. పొలుసులు నిక్కి పైన్ కాయలా ఉబ్బడాన్ని వ్యాధిగా పిలిచినా, అది మూత్రపిండాలు నీటిని బయటికి పంపలేకపోతున్నాయన్న లక్షణం మాత్రమే. ఆ దశకు చేరిన చిన్న చేప కోలుకోవడం అరుదు.

నిర్ధారణ

మరణాల వరుస, వేళ ముందుగా రాసుకోవాలి. గంటల వ్యవధిలో రకంతో సంబంధం లేకుండా అన్ని చేపలూ పడిపోతే నీరు లేదా విషం. రోజుకొకటి రెండు చొప్పున వారం పాటు పోతుంటే అంటువ్యాధి అయ్యే అవకాశం ఎక్కువ. ఒకే రకం చేపలు పోయి పక్కవి ఆరోగ్యంగా ఉంటే ఆ రకానికే సోకే జీవి గాని, ఆ రకానికి సరిపడని నీరు గాని కారణం. అమెజాన్ ఎగువ ప్రాంతపు మెత్తటి, ఆమ్ల నీటి చేప నియాన్ టెట్రా. లవణాలున్న గట్టి నీటిని కోరేది మోలీ. ఒకే తొట్టిలో ఒకటి సుఖంగా, మరొకటి వణుకుతూ ఉండటానికి ఇదొక్కటే చాలు. తెల్లవారుజామున జరిగే మరణాలు ప్రాణవాయువు వైపు, నీరు మార్చిన గంటలోపువి క్లోరిన్, పీహెచ్, ఉష్ణోగ్రతల వైపు చూపుతాయి. మేడ మీది నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు నుంచి మే నెల మధ్యాహ్నం వచ్చే కుళాయి నీటిని చేత్తో తాకి చూసినా చాలు.

రెండో అడుగు నీటి పరీక్ష. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాముల లోపు మేలు. పీహెచ్, క్షారత, ఉష్ణోగ్రత తొట్టి నీటికీ, పోసే నీటికీ విడివిడిగా కొలవాలి, ఎందుకంటే అపాయం చాలాసార్లు ఆ రెంటి మధ్య తేడాలోనే ఉంటుంది. నీరు మార్చకముందే ఒక చిన్న సీసాలో నమూనా తీసి ఉంచాలి. కంగారులో ముందు నీరంతా మార్చేస్తే ఆధారం కాలువలో కలిసిపోతుంది.

ఆ తర్వాత చేపను కదిలించకుండా చూడాలి. మొప్పలు ఆడే వేగం, ఎక్కడ నిలుస్తోంది, రెక్కలు విప్పి ఉన్నాయా, మలం తెల్లటి దారంలా ఉందా, కళ్లు ఉబ్బాయా, ఒక పక్కకు ఒరిగి ఈదుతోందా అన్నవి గమనించాల్సినవి. సూక్ష్మదర్శిని అందుబాటులో ఉంటే చర్మపు జిగురును, మొప్ప కొసను ఒక చుక్క నీటిలో చూడటం అన్నిటికంటే విలువైన పరీక్ష. తక్కువ ఆవర్ధనంలోనే దొర్లుతూ కదిలే గుండ్రటి జీవి, దాని లోపల గుర్రపు లాడం ఆకారపు కేంద్రకం కనిపిస్తే తెల్లచుక్కల వ్యాధి రుజువైనట్లే. చనిపోయిన చేప దేహం వెచ్చటి నీటిలో కొద్ది గంటల్లోనే చెడిపోతుంది, పరాన్నజీవులు దాన్ని వదిలిపోతాయి. అందువల్ల ప్రయోగశాలకు ఇవ్వాల్సింది జబ్బుతో బతికున్న చేపను, అది కుదరకపోతే అప్పుడే చనిపోయినదాన్ని మంచు మీద పెట్టి. ఫ్రీజరులో గడ్డకట్టిస్తే కణజాలం పరీక్షకు పనికిరాదు. ఆంధ్రప్రదేశ్‌లో ముత్తుకూరు, తెలంగాణలో పెబ్బేరు మత్స్య కళాశాలలు ఈ శాస్త్రం బోధిస్తున్నాయి.

తక్షణ చర్యలు, చికిత్స

కారణం తేలకముందే చేయదగినవి నాలుగు: గాలిపంపు పెంచడం, మేత ఆపడం, చనిపోయినవాటిని తీసేయడం, క్లోరిన్ విరిచిన సమాన ఉష్ణోగ్రత నీటితో మూడోవంతు నుంచి సగం వరకు మార్చడం. చివరిదానికి మినహాయింపు పాత తొట్టి. పీహెచ్ 6.5 లోపు ఉండి అమ్మోనియం ఎక్కువగా ఉన్నప్పుడు పదో వంతు చొప్పున, కొన్ని గంటలకొకసారి మార్చాలి. విషం అనుమానమైతే వీలైనంత ఎక్కువ నీరు మార్చి, ఫిల్టరులో ఉత్తేజిత బొగ్గు పెట్టాలి.

మందుల విషయంలో తొందర ఎక్కువ చేపలను చంపుతుంది. అమ్మోనియాతో కాలిన మొప్పల మీద ఫార్మలిన్ పడితే బతికేది కూడా చస్తుంది. తెల్లచుక్కలకు మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిసిన మందులు, మొప్ప పురుగులకు ప్రాజిక్వాంటెల్, కామలానస్‌కు లెవమిసోల్ వాడుకలో ఉన్నాయి. మలకైట్ గ్రీన్ క్యాన్సర్ కారకమన్న అనుమానంతో ఆహారపు చేపలకు నిషిద్ధం. ఇంట్లో వాడేటప్పుడు చేతి తొడుగులు ఉండాలి. మిథిలీన్ బ్లూ ఫిల్టరులోని బాక్టీరియాకు కూడా హాని చేస్తుంది కనుక వేరే తొట్టిలోనే వాడాలి. ఏ మందుకైనా తొట్టి కొలత నుంచి రాళ్లు, ఇసుక ఆక్రమించిన భాగం తీసేసి లీటర్లు లెక్కించాలి.

మనుషుల టెట్రాసైక్లిన్ గొట్టాలు విప్పి నీటిలో పోసే అలవాటు ఇప్పటికీ ఉంది. బోరునీటిలోని కాల్షియం, మెగ్నీషియం ఆ మందును పట్టి బంధిస్తాయి. చేపకు అందేది కొద్దిగానే. బాక్టీరియాకు మాత్రం మందును తట్టుకునే శక్తి అలవడుతుంది. యాంటీబయాటిక్ అవసరమని తేలితే పశువైద్యుడి సలహాతో, మేతలో కలిపి ఇవ్వడమే సబబు.

ఉప్పు చవకైనది, మేలైనది. అయోడిన్ లేని కల్లుప్పు లీటరుకు 1 నుంచి 3 గ్రాములు, ఒకేసారి కాకుండా విడతలుగా కలిపితే చేపకు లోపలి లవణాలు నిలుపుకునే శ్రమ తగ్గుతుంది. కోరిడోరాస్ వంటి అడుగుచేపలు, నీటి మొక్కలు దీన్ని అంతగా ఓర్వవు. కోలుకోలేని చేపను బాధ నుంచి తప్పించాలంటే లవంగ నూనెతో గాఢమైన మత్తు ఇచ్చే పద్ధతి ఉంది. మరుగుదొడ్డిలో సజీవంగా వదలడం క్రూరత్వం.

నివారణ

నివారణకు మూలం తొట్టిని చేపలకంటే ముందు సిద్ధం చేయడం. నడుస్తున్న ఆరోగ్యకరమైన తొట్టి నుంచి ఫిల్టరు స్పాంజి ముక్క తెచ్చి పెడితే వారాల పని రోజుల్లో అవుతుంది. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగకూడదు. తీసిన తొట్టినీటిలోనే పిండాలి. వారానికి ఐదో వంతు లేదా నాలుగో వంతు నీరు తప్పకుండా మార్చడం నెలకోసారి మొత్తం కడగడం కంటే ఎంతో క్షేమం. బోరునీటిని రాత్రంతా గాలిబుడగల మీద ఉంచితే కరిగిన బొగ్గుపులుసు వాయువు పోయి పీహెచ్ నిలకడకు వస్తుంది.

కొత్త చేపను నేరుగా పాతవాటిలో వదలడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. చెన్నై కొళత్తూరు వంటి పెంపక కేంద్రాల నుంచి బయలుదేరిన చేప టోకు వ్యాపారి తొట్టి, అంగడి తొట్టి దాటి ఇంటికి చేరేసరికి మూడు నాలుగు నీళ్లు మారుతుంది. దారిలో ఎన్నో చేపల సరసన ఉంటుంది. నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి, దానికి వల, గొట్టం వేరుగా పెట్టుకుంటే తెల్లచుక్కలు, పురుగులు చాలావరకు అక్కడే బయటపడతాయి. ఒక ప్లాస్టిక్ టబ్బు, చిన్న స్పాంజి ఫిల్టరు ఇందుకు చాలు. అంగట్లో కొనేటప్పుడు నచ్చిన చేపను కాక దాని తొట్టినంతా చూడాలి. అందులో ఒక్కటి చచ్చి తేలుతున్నా ఆ తొట్టి నుంచి కొనకపోవడం ఉత్తమం. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు చేపకు ఇష్టమే గానీ మురికి కాలువల రోగాలను మోసుకొస్తాయి.

మేత రెండు నిమిషాల్లో తినేంత. వారంలో ఒక రోజు పస్తు పెద్ద చేపలకు హాని చేయదు. ఊరెళ్లేటప్పుడు పక్కింటివారికి మేత డబ్బా ఇచ్చి వెళ్లడం కంటే రోజువారీ మోతాదును పొట్లాలుగా కట్టి ఇవ్వడం మంచిది. ప్రేమకొద్దీ వేసే మేతతో మునిగిన తొట్లు లెక్కలేనన్ని. బ్యాటరీతో నడిచే గాలిపంపు వేసవికి ముందే సిద్ధంగా ఉండాలి. కరెంటు గంటల తరబడి పోతే మూసిన ఫిల్టరును తిరిగి నడిపేముందు విప్పి పాత నీటిలో జాడించాలి. దోమల మందు కొట్టక తప్పకపోతే పంపు ఆపి, తొట్టిని తడిగుడ్డతో కప్పి, గది గాలి మారాక తీయాలి. తేదీ, నీటి అంకెలు, పోసిన నీటి వనరు, కొత్త చేపలు, మరణాలు ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకునేవారికి రోగ నిర్ధారణ సగం ముందే పూర్తయి ఉంటుంది.

మనుషుల ఆరోగ్యం, బయటి జలాలు

మైకోబాక్టీరియం మారినం అనే బాక్టీరియాను 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియం చేపల నుంచి తొలిసారి వేరుచేశారు. ఇది చేపల్లో నెమ్మదిగా చిక్కిపోయే క్షయ కలిగిస్తుంది. మనిషి చేతిమీద గాయం ద్వారా ప్రవేశిస్తే వారాల తర్వాత మానని గడ్డలుగా తేలుతుంది. తొట్టి నీటిలో చెయ్యి పెట్టాక వచ్చిన పుండు మానకపోతే, ఇంట్లో చేపలున్న సంగతి వైద్యుడికి చెప్పాలి; చెప్పకపోతే ఈ జబ్బు ఆలోచనకు రాదు. గొట్టాన్ని నోటితో పీల్చి నీరు తీయకూడదు.

జబ్బు తొట్టి నీరు, చేపలు చెరువుకో కాలువకో చేరకూడదు. చనిపోయినవాటిని మట్టిలో పాతాలి. దోమల నివారణకు గప్పీ, గంబూసియా చేపలను నీటి గుంటల్లో వదిలే కార్యక్రమం వేరు. పెరిగిపోయాయని ఇళ్లలోని చేపలను వదలడం వేరు. అక్వేరియం వ్యాపారం ద్వారా వచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెరువుల్లో, నదుల్లో మత్స్యకారుల వలలను చింపుతోంది, వాళ్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు.